మణికొండలో పాడైన సోఫా, మా పనిలో మార్పులు

ఇళ్లకు వచ్చి లెదర్ సోఫాలు శుభ్రం చేసే మేము గత జూలైలో హైదరాబాద్ మణికొండలోని ఒక ఇంట్లో తేనె రంగు లెదర్ సోఫాను పాడు చేశాము. తల ఆనించే చోట కొబ్బరినూనె జిడ్డు నల్లగా పేరుకుందని వారు పిలిచారు. మా దగ్గర పనిచేసే అబ్బాయి అన్ని సోఫాలకూ చేసినట్టే నురగ క్లీనర్ పట్టించి తడిగుడ్డతో తుడిచాడు. అరగంటకు తడి ఆరింది గానీ, నీరు పాకినంత మేరా అంచు కట్టి చేటంత మచ్చ తేలింది. జిడ్డు మాత్రం ఆ మచ్చ నడుమ అలాగే ఉంది. తప్పు ఆ అబ్బాయిది కాదు, అలా చేయమని నేర్పింది నేనే. డబ్బు తీసుకోలేదు, రంగు వేయించే ఖర్చు కూడా మేమే పెట్టుకున్నాము. అయినా ఆ దిండు ఇప్పటికీ మిగతా సోఫాతో కలవదు.

అది అనిలిన్ లెదర్. ఇళ్లలో ఎక్కువగా కనిపించే లెదర్‌కు పైన పలుచని రంగు పూత ఉంటుంది కనుక తడి కాసేపు పైనే నిలుస్తుంది. అనిలిన్‌కు ఆ పూత ఉండదు. రంగు తోలులోకే ఇంకి ఉంటుంది, అందుకే అంత మెత్తగా ఉంటుంది, అందుకే నీటినీ నూనెనూ ఇట్టే పీల్చుకుంటుంది. సోఫా వెనుక, కంటికి ఆనని చోట ఒక నీటి చుక్క వేసి నిమిషం ఆగితే సంగతి తెలిసిపోతుంది: చుక్క నిలిస్తే పూత ఉన్నట్టు, నల్లబడి లోపలికి పోతే అనిలిన్. ఆ నిమిషం మేము ఆ రోజు ఆగలేదు. ఇకపై ప్రతి ఇంట్లోనూ మీ ఎదుటే ఈ పరీక్ష చేశాకే పని మొదలుపెడతాము. అనిలిన్‌లో ఇంకిపోయిన నూనెను పూర్తిగా తీస్తామని మాట ఇవ్వము.

చాలామంది సోఫా ఎండినట్టు కనిపించగానే కొబ్బరినూనె రాస్తున్నారు. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు చెప్పులకు నూనె పట్టించిన అలవాటు మన ఇళ్లలో ఉండేది, దాన్ని తప్పనలేము. అయితే సోఫా తోలును ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేస్తారు, దానికి కావలసిన నూనెలను కర్మాగారంలోనే ఎక్కిస్తారు. పూత ఉన్న తోలులోకి మీరు రాసే నూనె సరిగా దిగదు. పైనే జిగటగా మిగిలి, దుమ్మును పట్టి, కొన్నాళ్లకు పాడైన నూనె వాసన వేస్తుంది. బట్టల సబ్బు, వంటసోడా ఇంకా చెరుపు చేస్తాయి, ఎందుకంటే తోలుది కొద్దిగా ఆమ్ల గుణం, వాటిది క్షార గుణం. వారానికోసారి పొడి నూలు గుడ్డతో తుడిచి, తల ఆనే చోట తువ్వాలు పరిస్తే మాతో పని సగం తగ్గుతుంది.

వర్షాకాలంలో బూజు మీద కండిషనర్ (తోలును మెత్తగా ఉంచే నూనెల క్రీము) రాయమని అడిగేవారికి ఇన్నాళ్లూ, పని పోతుందన్న భయంతో, సరేననేవాళ్లము. అందులోని నూనెలు బూజుకు మేతే. ముందు బాల్కనీలో పొడి బ్రష్‌తో దులపాలి, తరువాత పూత ఉన్న లెదర్‌నైతే మూలన పరీక్షించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమంగా కలిపి తుడవాలి, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వాలి. కండిషనర్ ఆ తరువాతి మాట. అందుకని ముసురు పట్టిన రోజుల్లో కండిషనింగ్ వాయిదా వేస్తాము. సోఫాను గోడకు జానెడు దూరం జరపండి, పాలిథీన్ కవర్ కప్పకండి.

పెచ్చులు ఊడుతున్న సోఫాల పని ఇక తీసుకోము. అవి తరచూ రెక్సినో, తోలు పొడిని గుడ్డకు అంటించి పైన పాలియురెథేన్ ప్లాస్టిక్ పూసిన బాండెడ్ లెదరో అయి ఉంటాయి. మన వేడికీ తేమకూ ఆ పూత విడిపోతుంది, ఏ కండిషనరూ దాన్ని తిరిగి అతికించలేదు. పిలిచే ముందు ఊడిన చోటును దగ్గరగా ఫొటో తీసి పంపితే మీకు రాకపోకల ఛార్జీ మిగులుతుంది.

మూడు నెలలకోసారి కండిషనింగ్ అవసరమని చెప్పి ఏడాది ప్యాకేజీ అమ్మింది మేమే. ఎండ నేరుగా పడని గదిలో, పూత ఉన్న లెదర్‌కు ఏడాదికి రెండుసార్లు చాలు. అందుచేత ఆ ప్యాకేజీని ఆపేశాము. ఇప్పటికే నాలుగుసార్లకు కట్టినవారికి మిగిలిన రెండింటి సొమ్ము వెనక్కి ఇస్తాము, లేదంటే వాటి బదులు డైనింగ్ కుర్చీలకో కారు సీట్లకో చేసిపెడతాము. ఏది కావాలో ఈ నెలాఖరులోగా చెప్పండి.