చి. అమ్ములుకు, కాగితం ముక్కతో జీరో పట్టే పని ఇక మానెయ్

అమ్ములూ,

నీ సీఎన్‌సీ మిషన్‌లో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కేది) బిట్, అంటే చెక్కే మొన, మార్చిన ప్రతిసారీ జీరో (మొన పైతలాన్ని తాకే ఎత్తు) పట్టడానికి కింద కాగితం పెట్టి లాగి చూస్తున్నానన్నావు. చెక్క మీద అక్షరాలకు ఆ పద్ధతి సరిపోతుంది. కానీ చెక్కే లోతు 0.1 మి.మీ. ఉండాల్సిన చోట కాగితం మందమే 0.1 దాకా ఉంటుంది. ఒక ప్రోబ్ పలక (బిట్ తాకగానే కరెంటు ద్వారా మిషన్‌కు తెలిపేది) చేసుకో, ఒక సాయంత్రం పని.

కోఠి గుజరాతీ గల్లీలో ఒకవైపే రాగి ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్క అడుగు. రెండువైపులా రాగి ఉన్నది వద్దు. అల్యూమినియం మీద పెడితే అడుగు రాగి దానికి తగులుతుంది. 40 x 40 మి.మీ. కోసి, అంచుల్లో లేచిన గరుకును 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దు. ఆ గరుకు మిగిలితే పలక ఒక పక్క లేచి కూర్చుంటుంది, కొలత తప్పుతుంది. తీగను రాగి ఉన్న పైవైపు ఒక మూలన టంకం వెయ్యి, అడుగు చదునుగానే ఉండాలి. మందం దుకాణంలో 1.6 మి.మీ. అంటారు కానీ వెర్నియర్‌తో నువ్వే కొలిచి రాసుకో. 1.58 వచ్చిందనుకుందాం.

పలక తీగ ఏ5కి (ఆర్డ్యూనో బోర్డు మీద ప్రోబ్ పిన్ను), మొసలి క్లిప్ తీగ గ్రౌండుకు. ఆర్డ్యూనో పైన కూర్చునే నీ సీఎన్‌సీ షీల్డ్ మీద ఏ5 అని ఉండదు, ఎస్‌సీఎల్ అని ఉంటుంది. క్లిప్‌ను బిట్‌కే పెట్టు, మోటారు బాడీకి కాదు. బేరింగుల్లోని గ్రీజు ఒక్కోసారి కరెంటును అడ్డుకుంటుంది, అప్పుడు బిట్ ఆగకుండా దిగిపోతుంది.

మిషన్ కదిలించే ముందు పలకను చేత్తో బిట్‌కు తాకించు. మిషన్‌ను నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం చూపే స్టేటస్ లైనులో పీఎన్ పక్కన పీ రావాలి, తీస్తే పోవాలి. తర్వాత బిట్‌ను 30 మి.మీ. పైన ఉంచి జీ21 జీ91 (కొలత మి.మీ.లో, ఉన్నచోటి నుంచి), జీ38.2 జెడ్-20 ఎఫ్100 (తాకేదాకా, మహా అయితే 20 మి.మీ., దిగమనే ఆజ్ఞ) పంపి, దిగుతుండగా పలకను గాల్లోనే తాకించు. ఆగితే సరే. ఆగకపోయినా 20 మి.మీ. దగ్గర అలారం 5తో నిలబడుతుంది, ఏదీ విరగదు.

పలకను చెక్కాల్సిన దాని మీద, బిట్ కింద పెట్టాక అసలు వరుస ఇది: జీ21 జీ91, జీ38.2 జెడ్-20 ఎఫ్100, జీ0 జెడ్2, జీ38.2 జెడ్-4 ఎఫ్25. తర్వాత జీ10 ఎల్20 పీ1 జెడ్1.58 (ఇప్పుడున్న ఎత్తు 1.58 అని మిషన్‌కు చెప్పేది), జీ0 జెడ్10, జీ90. రెండోసారి నెమ్మదిగా దించేది ఎందుకంటే, తాకాక కూడా మిషన్ ఆగేలోపు కాస్త ముందుకు పోతుంది. వేగం తగ్గితే ఆ పోక లెక్కలోకి రాదు. వీ-బిట్ మొన కూడా బతుకుతుంది.

దించకముందే అలారం 4 వస్తే, తాకకుండానే తాకినట్టు కనిపిస్తోందన్నమాట. తీగలు ఎక్కడో కలుస్తున్నాయి, లేదా $6 (ప్రోబ్ సిగ్నల్‌ను తిరగేసే సెట్టింగ్) తిరగబడింది. దారి మధ్యలో గాల్లోనే ఆగిపోతుంటే అది నాయిస్, అంటే పక్క తీగల నుంచి వచ్చే తప్పుడు సిగ్నల్. ప్రోబ్ తీగలు రెండూ మెలివేసి మోటారు తీగలకు దూరంగా నడుపు, బోర్డు దగ్గర ఏ5కి, గ్రౌండుకు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. రాగి నల్లబడితే మెత్తటి రబ్బరుతో తుడువు.

పీసీబీ చెక్కేటప్పుడైతే పలకే అక్కర్లేదు. ఏ5 తీగను ఆ బోర్డు రాగికే తగిలించి, 1.58 బదులు 0 వెయ్యి.

క్లిప్ తీయకుండా స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) తిప్పితే తీగ చుట్టుకుని గ్రౌండు పిన్నునే పీక్కుపోతుంది. అందుకని జెడ్ బాడీ (బిట్‌ను పైకీ కిందికీ కదిపే భాగం) ముందుభాగాన చిన్న అయస్కాంతం అతికించు, క్లిప్ ఇల్లు అదే. అక్కడ క్లిప్ కనబడకపోతే స్పిండిల్ వేయకు.

నాన్న