కొట్టకుండానే చచ్చిపోతున్న మడ చెట్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

కాకినాడ దగ్గర మా ఊరి ఉప్పుటేరు గట్టున రెండు నెలలుగా ట్రాక్టర్లతో మట్టి, కూలగొట్టిన ఇళ్ల చెత్త తెచ్చి పోస్తున్నారు. అడిగితే "ఒక్క చెట్టూ కొట్టలేదు కదా మాస్టారూ" అంటున్నారు. నిజమే, కొట్టలేదు. కానీ ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్టును చంపడానికి గొడ్డలి అక్కర్లేదు.

మా దగ్గరుండేవి ఎక్కువగా తెల్లమడ, నల్లమడ. అవి పెరిగే బురదలో గాలి ఆడదు. ఆకు ఎండతో వండిన ఆహారం వేరు దాకా వచ్చినా, దాన్ని శక్తిగా మార్చుకోవాలంటే వేరుకు ఆక్సిజన్ కావాలి. అందుకే కొన్ని వేర్లు బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేస్తాయి. నీళ్లు తీసినప్పుడు వాటి మీది సన్నని రంధ్రాలతో గాలి పీల్చుకుంటాయి. పోటు వస్తే మునుగుతాయి, మళ్లీ తేలతాయి. వాటి మీద మూరెడు మట్టి పడితే ఇక తేలడం ఉండదు. చెట్టు వెంటనే చావదు. ఆకులు పసుపు తిరుగుతాయి, కొమ్మలు ఎండుతాయి. అప్పుడు "ఎండిన చెట్లే కదా" అని కొట్టేస్తారు. నా భయం అదే.

పోయిన ఆదివారం మనవరాలిని తీసుకెళ్లాను. ఆకు మీద తెల్లగా మెరుస్తున్నదాన్ని నాలుకతో తాకి "ఉప్పు తాతయ్యా!" అంది. ఒంట్లో చేరిన ఉప్పును ఆ చెట్టు అలా ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. మట్టికుప్ప అంచున వేర్ల కొసలు మాత్రమే కనిపిస్తుంటే, ఇద్దరం చేతులతో తవ్వగలిగినంత తవ్వి వచ్చాం.

రాలిన మడ ఆకు పీతలకు, సూక్ష్మజీవులకు తిండి. ఆ మేత మీదే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. కోరింగ మడ అడవిలో చేపలు పట్టి తినే బావురు పిల్లి పొట్టయినా, వల వేసేవాళ్ల కుటుంబాలయినా నిండేది వాటితోనే. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకు తీరాన అలలకు అడ్డు నిలిచే ఈ చెట్లు ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ప్రైవేటు భూమి కాని చోట, వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల బఫర్ (రక్షణ పట్టీ) ఉండాలని 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ చెబుతోంది. మా దగ్గర అది ఎక్కడి దాకా అన్నది కొలిచి రాయి పాతినవాళ్లు లేరు. అధికారులు ముందు ఆ పని చేయించాలి. పోసిన మట్టిని వెంటనే తీయించాలి. పొక్లెయిన్ దించితే మిగిలిన వేర్లు కూడా నలిగిపోతాయి కాబట్టి, కూలి ఖర్చు ఎక్కువైనా పారలతోనే తీయించమని వేడుకుంటున్నాను.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, కాకినాడ జిల్లా