ఊపిరితిత్తుల వాపుకు కాంతి చికిత్స: పరీక్ష పెట్టి తేల్చండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. నేను ఐసీయూ రోగులకు ఊపిరి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. వైరస్ వల్ల ఊపిరితిత్తులు వాచిన రోగులకు ఎర్రని కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతితో చేసే చికిత్స సహాయక వైద్యంగా ఉపయోగపడుతుందో లేదో పెద్ద ట్రయల్ (రోగుల మీద పద్ధతిగా చేసే పరీక్ష) పెట్టి తేల్చమని కోరుతున్నాను. పనిచేస్తుందని ఇప్పుడే ప్రకటించమని నేను అడగడం లేదు. ఏళ్ల తరబడి ఎటూ తేలకుండా మధ్యలో వదిలేయడమే నాకు బాధగా ఉంది.

వైరల్ న్యుమోనియా ముదిరాక రోగి ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు వైరస్ మీద శరీరం చేసే పోరాటమే. వాపును పెంచే రసాయనాలు అదుపు తప్పుతాయి, ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు దెబ్బతింటాయి, వాటిలోకి నీరు చేరుతుంది. ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తంలోకి ఎక్కదు. ఆ దశలో వాపును తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్ రుజువు చేసింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో 28 రోజుల్లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. అయితే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది, వేరే ఇన్‌ఫెక్షన్ల భయమూ ఉంటుంది. దానికి తోడుగా ఇంకేదైనా ఉందా అని వెతకడం మన బాధ్యత.

కాంతి గురించి ఆశ పెట్టుకోవడానికి కారణాలున్నాయి. 1960ల చివర్లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి తక్కువ శక్తి లేజర్ వేస్తే, అక్కడ వెంట్రుకలు త్వరగా మొలిచాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే ఒక ఎంజైమ్ ఈ కాంతిని పీల్చుకుంటుందని, దాంతో కణం శక్తి పెరిగి వాపు సంకేతాలు తగ్గుతాయని తర్వాతి పరిశోధకులు వివరించారు. క్యాన్సర్ చికిత్స తీసుకునేవాళ్లకు వచ్చే నోటిపూతను నివారించడానికి దీన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలే సిఫారసు చేస్తున్నాయి. ఎలుకల ఊపిరితిత్తుల్లో కృత్రిమంగా వాపు తెప్పించి కాంతి వేసినప్పుడు కూడా వాపు కణాలు తగ్గాయి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆధారం పలచబడుతుంది. 2020లో అమెరికాలో ఒక కోవిడ్ రోగికి నాలుగు రోజులు ఛాతీ మీద లేజర్ వేశారు, కోలుకున్నాడు. సంతోషమే, కానీ ఒక్కరు కోలుకోవడం రుజువు కాదు. 2021లో బ్రెజిల్ పరిశోధకులు వెంటిలేటర్ మీద ఉన్న 30 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అయస్కాంత క్షేత్రంతో కలిపి కాంతి, ఇంకో గుంపుకు ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. ఐసీయూలో ఉన్న రోజులు తగ్గలేదు. ఊపిరి పీల్చడానికి తోడ్పడే డయాఫ్రం కండరం పనితీరులాంటి కొన్ని కొలతలు మాత్రం మెరుగయ్యాయి. 30 మందితో ఏ తీర్పూ చెప్పలేం.

అసలు చిక్కంతా డోసు దగ్గరే ఉంది. ఛాతీ మీద వేసిన కాంతి చర్మం, కొవ్వు, కండరం, పక్కటెముకలు దాటుకుని ఊపిరితిత్తికి చేరేసరికి మిగిలేది చాలా తక్కువ. లావుగా ఉన్నవాళ్లలో ఇంకా తక్కువ. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చేస్తుంది కాబట్టి, తెల్లటి చర్మం మీద ఖరారు చేసిన డోసు నల్లటి చర్మానికి సరిపోకపోవచ్చు. వేలి గుండా కాంతి పంపి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ విషయంలో ఈ పొరపాటు ఒకసారి జరిగింది: నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా పరికరం గుర్తించకపోవడం తెల్లజాతి వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో బయటపడింది. పోనీ డోసు పెంచుకుంటూ పోదామంటే, ఎక్కువైతే ఈ కాంతి మేలు చేయడం మానేస్తుంది.

ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగిని బోర్లా పడుకోబెట్టే పద్ధతి విషయంలో ఏం జరిగిందో గుర్తుచేస్తాను, ఎందుకంటే నాకు ధైర్యమిచ్చేది అదే. రోజుకు సుమారు ఏడు గంటలు బోర్లా ఉంచిన ట్రయల్ 2001లో వచ్చింది, మరణాలు తగ్గలేదు. అక్కడితో వదిలేసి ఉంటే ఈ రోజు ఆ పద్ధతే ఉండేది కాదు. 2013లో ఫ్రెంచ్ వైద్యులు జబ్బు బాగా ముదిరిన రోగులనే ఎంచుకుని, ఒక్కో విడత కనీసం 16 గంటలు ఉంచి చూశారు. మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి పడిపోయాయి. ఎవరికి, ఎంతసేపు అన్నది తేలాకే ఆ పద్ధతి విలువ తెలిసింది. కాంతి విషయంలో ఆ రెండు ప్రశ్నలూ ఇంకా అలాగే ఉన్నాయి.

ఈలోగా అమ్మేవాళ్లు ఆగరు. ఇంట్లో ఎర్ర కాంతి దీపం ఛాతీ మీద పెట్టుకుంటే న్యుమోనియా పోతుందని నమ్మించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆయాసం మొదలైన మనిషి ఆ నమ్మకంతో ఒక్క రోజు ఇంట్లో ఆగినా ప్రాణం పోవచ్చు. వైరస్‌ను చంపే అతినీలలోహిత దీపాలకూ దీనికీ సంబంధం లేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. అతినీలలోహిత దీపాలు చర్మం మీద వాడొద్దని మీ సంస్థ కోవిడ్ సమయంలో స్పష్టంగా చెప్పింది. కాంతి చికిత్స ఆక్సిజన్‌కూ స్టెరాయిడ్‌కూ బదులు కాదన్న మాట కూడా అంతే స్పష్టంగా చెప్పండి.

ట్రయల్ నడిపే శక్తి మీకుంది. కోవిడ్ మందులను పరీక్షించిన మీ ‘సాలిడారిటీ’ ట్రయల్ 30 దేశాల్లో 405 ఆసుపత్రులను కలిపి, ఎన్నో ఆశలు పెట్టుకున్న మందులు ఆసుపత్రిలో చేరిన రోగులకు పెద్దగా పనిచేయవని నిజాయితీగా చెప్పింది. కాంతికీ అలాంటి పరీక్షే పెట్టండి. రెండు గుంపులకూ మామూలు వైద్యం పూర్తిగా అందాలి. ఉత్తుత్తి దీపం ఏదో, అసలు దీపం ఏదో రోగికీ వైద్యుడికీ తెలియకూడదు. అన్ని రంగుల చర్మం ఉన్నవాళ్లూ అందులో ఉండాలి. లెక్కపెట్టాల్సింది మరణాలనూ వెంటిలేటర్ రోజులనూ. పరికరాలు అమ్మే కంపెనీల డబ్బు అందులో ఉండకూడదు. కోవిడే కానక్కర్లేదు, తీవ్రమైన ఫ్లూ న్యుమోనియాతో ఏటా రోగులు ఐసీయూలకు వస్తూనే ఉన్నారు. ట్రయల్ పద్ధతిని ఇప్పుడే రాయించి, నైతిక కమిటీల అనుమతులు ముందే తీసుకుని ఉంచితే, వచ్చే ఫ్లూ సీజన్‌లోనే మొదటి రోగిని చేర్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు