రోగిని ‘ఎక్కడ అంటింది?’ అని కూడా అడిగించండి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్వాసకోశ వైరస్ ప్రబలిన ప్రతిసారీ ఒక్కో రోగి సగటున ఎందరికి అంటిస్తున్నాడో లెక్కగట్టి, దాన్నిబట్టి ఆంక్షలు పెడుతున్నారు. ఆ సగటును నమ్ముకోవద్దని మనవి.

ఈ వైరస్‌లు అందరి నుంచీ ఒకేలా పాకవు. 2020లో హాంకాంగ్‌లో తొలి నెలల కోవిడ్ కేసులను పరిశీలిస్తే, స్థానిక వ్యాప్తిలో 80 శాతానికి దాదాపు 19 శాతం మంది రోగులే మూలమని అంచనాకు వచ్చారు. మిగతావారిలో ఎక్కువ మంది నుంచి ఎవరికీ సోకలేదు. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ (కోవిడ్ లాంటి మరో శ్వాసకోశ వ్యాధి) వచ్చినప్పుడు, ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న ఒకే రోగి నుంచి 80 మందికి పైగా సోకింది. దేశం మొత్తం మీద కేసులు 186.

అలాగని ఆ మనిషిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చిలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. రెండున్నర గంటలు పాడారు. నిర్ధారణ అయినవీ అనుమానితమైనవీ కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడితే మామూలు మాటల్లో కంటే ఎక్కువ తుంపరలు గాలిలోకి చేరతాయి. వాటిలో సన్నవి గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. అక్కడికి వైరస్ తెచ్చిన రోగి ఆ సాయంత్రం ఆరుబయట గడిపి ఉంటే ఇంతమందికి సోకే అవకాశం చాలా తక్కువ. మనిషి, గది, సమయం మూడూ కలిస్తేనే ఇంత పెద్ద గుంపుకు అంటుకుంటుంది.

అందుకే కాంటాక్టుల వెతుకులాట వెనక్కి కూడా నడవాలి. ఇప్పుడు మీ సిబ్బంది ‘లక్షణాలు మొదలయ్యాక ఎవరెవరిని కలిశారు?’ అని అడుగుతున్నారు. చాలామంది రోగుల నుంచి ఇంకెవరికీ సోకదు కాబట్టి ఆ దారి తరచు అక్కడే ఆగిపోతుంది. కానీ ప్రతి రోగికీ ఎక్కడో ఒకచోట అంటింది కదా! పెద్ద క్లస్టర్లలోనే, అంటే ఒకేచోట చాలామందికి అంటుకున్న గుంపుల్లోనే, ఎక్కువ మందికి సోకుతుంది కనుక, దొరికిన రోగి అలాంటి చోటి నుంచి వచ్చి ఉండే అవకాశమూ ఎక్కువే. ఆ చోటు తెలిస్తే అక్కడున్న మిగతావారూ తెలుస్తారు. 2020లో జపాన్ ఇలా మూలాన్ని వెతికే, మూసిన గదులు, రద్దీ, దగ్గరగా మాట్లాడుకోవడం ప్రమాదకరమని ప్రజలకు చెప్పగలిగింది.

విచారణ పత్రంలో ‘ఎక్కడ అంటింది?’ అన్న ప్రశ్న చేర్పించండి. క్లస్టర్ బయటపడినప్పుడల్లా ఎలాంటి గది, ఎందరున్నారు, ఎంతసేపు, కిటికీలు తెరిచారా అన్న వివరాలు ప్రచురించండి. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రానివ్వకండి. నింద పడుతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. తరగతి గదుల్లో, ఆసుపత్రి వార్డుల్లో కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పెట్టించండి. జనం వదిలిన గాలి ఎంత పేరుకుందో అవి అక్కడికక్కడే చూపిస్తాయి.

వీటిని ఎప్పటి నుంచి అమలు చేస్తారో బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరురాలు