ఇనుప ధూళి తొలగింపు పనులు ఎందుకు ఆపామంటే

విశాఖలోని మా షెడ్డుకు ఏళ్ల తరబడి కార్లు తెస్తున్నవారికి నమస్కారం. పెయింటులో దిగబడిన ఇనుప ధూళిని తొలగించే పనిని, దాని తర్వాత చేసే పాలిషింగు, సిరామిక్ కోటింగులను ప్రస్తుతానికి నిలిపివేశాము. బుకింగు చేసుకున్నవారికి ఫోనులో చెప్పాము గానీ, కారణం వివరించే వీలు చిక్కలేదు.

పోర్టు పరిసరాల్లో, గాజువాక వైపు ఆరుబయట నిలిపే కార్ల బానెట్‌పై చేయి వేస్తే గరుకుగా తగులుతుంది. గాలిలో వచ్చిన సన్నని ఇనుప రేణువులు పెయింటుపై ఉండే పారదర్శక పొర అయిన క్లియర్‌కోటును పట్టుకుని, సముద్రపు తేమకు తుప్పు పట్టి, తెల్ల కార్లపై నారింజ చుక్కలుగా బయటపడతాయి. షాంపూకు అవి లొంగవు. వాటిని కరిగించడానికి మేము వాడే ఐరన్ రిమూవరు పీహెచ్ 7కు దగ్గరగా, అంటే ఆమ్లమూ క్షారమూ కానట్టుగా ఉంటుంది, ఇనుము తగిలినచోట ఊదా రంగుకు తిరుగుతుంది. మా పాత డీలరు ఈసారి అదే లేబులుతో పంపిన సరుకును అలవాటు ప్రకారం ముందుగా తుక్కు ఫెండరుపై వేసి చూస్తే రంగు మారలేదు, పీహెచ్ కాగితం 2 చూపించింది. క్రోమ్ పట్టీలకూ అల్యూమినియం భాగాలకూ మచ్చలు తెచ్చే అలాంటి ఆమ్లాన్ని మీ కారు దరిదాపులకు కూడా రానివ్వలేదు. నిలదీస్తే, "కారు వాళ్లకేం తెలుస్తుందండీ" అన్నాడాయన. సరుకు వాపసు పంపేశాను గానీ, ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

పండుగ బుకింగులు చేతిలో ఉండగా, రిమూవరు లేకుండా, పెయింటుపై రుద్ది మురికిని లాగే మెత్తని ముద్ద అయిన క్లే బార్‌ ఒక్కదానితోనే నెట్టుకొద్దామని మా కుర్రాళ్లు అన్నారు. షెడ్డు అద్దె, జీతాలు తలచుకుని నేనూ రాత్రుళ్లు ఊగిసలాడిన మాట నిజమే. కానీ కరగని రేణువులను క్లేతో లాగితే గీతలు పడతాయి, ఆ గీతలు పోవాలంటే కాంపౌండు, అంటే పైపొరను అరగదీసే పాలిష్ ముద్ద, కొట్టాలి, కాంపౌండు కొట్టిన ప్రతిసారీ క్లియర్‌కోటు కొంత అరుగుతుంది. కంపెనీ వేసే ఆ పొర సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందమే. వెంట్రుక అంత కూడా ఉండదు, అరిగినది మళ్లీ రాదు. మా రోడ్డులోనే కొత్తగా వెలసినవారు ఇదే పనిని రెండు గంటల్లో ముగిస్తున్నారట. ముగించనివ్వండి, నేను మాత్రం చేయను.

సీట్లు, రూఫ్ లైనింగు, ఏసీ వెంట్ల శుభ్రత, ఫోమ్ వాష్ పాత ధరలకే యథావిధిగా సాగుతున్నాయి. అడ్వాన్సు వెనక్కి కావలసినవారికి అడిగిన రోజే ఇచ్చేస్తాము. వేరే డీలరు పంపిన నమూనా పరీక్షలో ఉంది. అది నెగ్గితే పని మొదలవుతుంది, అయితే ఆ సరుకు ఖరీదైనది కనుక ధర కొంత పెరుగుతుంది.

అంతవరకు దయచేసి ధూళిని పొడిగుడ్డతో తుడవవద్దు, ముందు నీళ్లు ధారగా పోసి జార్చండి. ధూళి మీదనే కవరు కప్పడం కూడా గీతలు పెట్టడమే. ఆగలేక మరోచోటికి వెళ్లేవారు మా దగ్గర ఒక పీహెచ్ కాగితం ఉచితంగా తీసుకుని వెళ్లవచ్చు.