బావా, బండి అమ్మొద్దు

ఒరే బావా,

నీకు జమ్మూ పోస్టింగ్ వచ్చిందని మీ తమ్ముడు చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ఫౌజులో చేరిన ఇన్నేళ్లకు ఇద్దరం ఒకే ఊళ్లో ఉండబోతున్నాం. కానీ ఆ ఫోన్లోనే ఇంకో మాటా చెప్పాడు, నువ్వు బండి బేరానికి పెట్టావట. ఫోన్ చేస్తే "సరే సరే" అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను. అమ్మొద్దురా.

జోధ్‌పూర్ వెళ్లేటప్పుడు నేను చేసింది అదేగా. కొత్త చోటికి బయల్దేరమనే మూవ్ ఆర్డర్ చేతికొచ్చింది, నాలుగు రోజులే టైము. నాకు తొందరని కొనేవాడికి తెలిసిపోయింది. నిన్నగాక మొన్న టైర్లు మార్చిన పల్సర్‌ని 18 వేలకు పట్టుకుపోయాడు. అక్కడికెళ్లాక రెండేళ్లు పాల ప్యాకెట్‌కి కూడా ఎవరో ఒకరి బండి అడుక్కున్నాను.

అందుకే ఈసారి జమ్మూ వచ్చేటప్పుడు నాన్న స్ప్లెండర్‌ని వదల్లేదు. నాన్న పోయాక ఫారం 31 పెట్టి ఆర్సీ నా పేరు మీదకు మార్చుకోవడం ఇప్పుడు పనికొచ్చింది. నీ బండి మీ మామయ్య పేరు మీదే ఉంటే ముందు ఆర్సీ నీ పేరు మీదకు మార్పించు. బండి మన పేరున లేకపోతే రవాణా బిల్లు పాస్ కాదు. హవల్దారు ర్యాంకు దాకా ఒక మోటార్ సైకిల్ ఖర్చు ఇస్తారు, ఆ పైన నాయబ్ సుబేదార్ నుంచి కారు గానీ మోటార్ సైకిల్ గానీ ఒకదానికి ఇస్తారు. అది మనకు రావాల్సిన డబ్బు, మొహమాటం దేనికి? బేసిక్ జీతంలో 80 శాతం ట్రాన్స్‌ఫర్ గ్రాంటు దీనికి వేరే.

లీవుకి ఎలాగూ మాధవరం వస్తావుగా, బండి మీదే వచ్చెయ్. సికింద్రాబాదులో బుక్ చేస్తే ఢిల్లీలో దింపి మళ్లీ ఎక్కించాలి, దెబ్బలు తగిలేది అక్కడే. విజయవాడ నుంచైతే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా జమ్మూ వస్తుంది. నేను తాడేపల్లిగూడెం నుంచి విజయవాడ దాకా స్ప్లెండర్ మీదే వెళ్లాను. అదే రైలుకి నీ టికెట్ ఉంటే లగేజీ కింద రాయించు, బండి నీతోపాటే వస్తుంది. పార్సిల్ కింద వేస్తే జాగా దొరికినప్పుడే ఎక్కిస్తారు. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఐడీ కార్డు, మూవ్ ఆర్డర్ తలా మూడు జిరాక్సులు పెట్టుకో.

పెట్రోలు చుక్క లేకుండా తీసెయ్యాలి. ఉంటే బుక్ చెయ్యరు, ఫైన్ కూడా పడుతుంది. ఇక ప్యాకింగ్ దగ్గర మాత్రం కదలకుండా నిలబడు. నా బండి ప్యాక్ చేసిన కుర్రాడి చెయ్యి భలే వేగం. గడ్డి పేర్చడం, గోనెపట్టా చుట్టడం, దబ్బనంతో పురికొస లాగి కుట్టడం అన్నీ పావుగంటలో అయిపోయాయి. నేను అద్దాలు విప్పి సంచిలో పెట్టుకుంటూ అటు తిరిగాను. హెడ్‌లైట్‌కి రెండు పొరలు వేశాడు గానీ ట్యాంకు ఎడమ పక్క ఉత్త గోనె కట్టేశాడు. ఇక్కడ దించాక చూస్తే సరిగ్గా అక్కడే అరచెయ్యంత సొట్ట. నాన్న ప్రతి ఆదివారం పాత పంచె ముక్కతో తుడిచే చోటది. రైలు దిగిన అలసటలో కళ్లలో నీళ్లు తిరిగాయిరా. నువ్వు ఇంట్లోంచి పాత దుప్పటి తెచ్చి ట్యాంకు చుట్టూ కట్టించు. పైన అట్టముక్క మీద నీ పేరు, ఫోన్ నంబరు, బయల్దేరే స్టేషన్, చేరే స్టేషన్ రాసి రెండు చోట్ల కట్టు. రసీదు ఫోటో తీసుకుని అసలుది పర్సులో దాచు, బండి విడిపించాలన్నా, బిల్లు పెట్టాలన్నా అదే.

ఇంకోటి, ఎన్‌వోసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని ఆర్టీవో ఇచ్చే కాగితం. వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి మన ఆర్టీవో దగ్గర ఫారం 28 కావాలి, ఊళ్లో ఉండగానే పెట్టెయ్. 2021లో వచ్చిన, రాష్ట్రం మారినా మార్చక్కర్లేని బీహెచ్ నంబరు మనలాంటి వాళ్ల కోసమే, కొత్త బండి కొంటే అదే తీసుకో.

నాకైతే ఈ ఏపీ 37 ప్లేటు తియ్యాలంటే మనసొప్పడం లేదు. మొన్న క్యాంటీన్ బయట ఎవరో వెనక నుంచి "అన్నా, మనది వెస్ట్ గోదావరా?" అని పిలిచాడు. భీమవరం కుర్రాడు, వచ్చి పది రోజులైందట, తెలుగు మాట్లాడే మనిషి దొరకలేదట. ఆ నంబరు చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆ పూట మా క్వార్టర్లోనే అన్నం తిన్నాడు. మీ చెల్లెలు గోంగూర పచ్చడి సీసా ముందు పెడితే సగం ఖాళీ చేశాడు.

ఆ బేరం కాన్సిల్ చేసుకుని నాకు ఒక్క మెసేజ్ పెట్టు. విజయవాడలో బండి ఎక్కించగానే రసీదు ఫోటో పంపు. దిగాక బండి తోసుకుంటూ బంకు దాకా నడవక్కర్లేదు. లీటరు పెట్రోలు, అద్దాలు బిగించడానికి పానా పట్టుకుని స్టేషన్ గేటు బయటే ఉంటాను.

నీ బావ