అమ్మాయిల చేతికి కీబోర్డు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ నాలుగో గురువారం సాంకేతిక రంగంలో బాలికల దినోత్సవం జరుపుతున్నారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య చొరవతో 2011 నుంచి ఇది సాగుతోంది. ఆ రోజు బడుల్లో సభలు పెడతారు, అతిథులు వచ్చి ‘మీరూ సాధించగలరు’ అని ఆడపిల్లలకు చెప్పి వెళ్తారు. మంచిదే. కానీ హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరుగా నాదొక మాట. ఆ పిల్లలకు కొరవడింది ధైర్యవచనాలు కాదు, మిషన్ మీద చెయ్యి పెట్టే సమయం.

ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటరుకు ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు. జట్టులో అబ్బాయి ఉంటే మౌసూ కీబోర్డూ అడగకుండానే అతని చేతికి వెళ్తాయి. అమ్మాయి పక్కన కూర్చుని ప్రోగ్రాం చూసి రికార్డులో పొందికగా రాస్తుంది. పరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు రావచ్చు. కానీ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు తప్పెక్కడుందో వెతికి పట్టుకుని సరిచేయడం ఆమెకు అలవాటు కాదు. ఈ విద్యలో అసలు పని అదే. ఏడాది తిరిగేసరికి అతనికి చొరవ పెరుగుతుంది, ఆమె ‘నాకిది రాదు మేడమ్’ అంటుంది. ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. అందుకే ఇదొక సమస్య అని ఎవరికీ తోచదు.

ఆడపిల్లలకు సహజంగానే దీనిమీద ఆసక్తి తక్కువని కొందరు పెద్దలు తేల్చేస్తారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. 1945లో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటరుకు ప్రోగ్రాం రాసింది ఆరుగురు మహిళలు. వాళ్లకు పాఠ్యపుస్తకం లేదు, ప్రోగ్రామింగ్ భాషంటూ ఏదీ లేదు. యంత్రం పటాలు చూసి సొంతంగా నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించినప్పుడు వాళ్ల పేర్లు చెప్పినవాళ్లు లేరు. 1980ల నడుమ అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు అందుకున్నవారిలో దాదాపు 37 శాతం మంది అమ్మాయిలే. 2010 వచ్చేసరికి అది సగానికి పడిపోయింది. పాతికేళ్లలో ఆడపిల్లల బుర్రలు మారిపోయాయా? ఆ 1980ల్లోనే ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిని మగపిల్లల ఆటవస్తువులుగా ప్రచారం చేశారు. చాలా ఇళ్లలో అవి కొడుకు గదిలోకే చేరాయి. కాలేజీలో చేరేనాటికి కొడుకుకు అది పాత నేస్తం, కూతురికి కొత్త ముఖం. ఆ పరిచయాన్నే తెలివితేటలుగా లెక్కగట్టారు.

ఈ ముడిని విప్పిన కాలేజీలూ అమెరికాలోనే ఉన్నాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించింది, బోధన తీరు మార్చుకుంది. 1995లో కంప్యూటర్ సైన్స్‌లో కొత్తగా చేరినవారిలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. హార్వే మడ్ కాలేజీ మొదటి కోర్సును రెండు తరగతులుగా విడగొట్టింది: ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవారికి ఒకటి, బొత్తిగా రానివారికి ఒకటి. అన్నీ తెలిసినవాడు గడగడా జవాబులు చెబుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకుని కూర్చునే పరిస్థితి పోయింది. అక్కడా అమ్మాయిల సంఖ్య కొన్నేళ్లలోనే బాగా పెరిగింది. ఇందుకోసం పాఠ్యాంశాలను తేలిక చేయలేదు, ఎవరికీ మార్కులు కలపలేదు.

కాలేజీ దాకా ఆగడమెందుకు? ఇదే పని బడిలో చేయవచ్చు. ల్యాబ్ పీరియడ్‌లో సగం సమయం కాగానే కీబోర్డు చేతులు మారాలని నియమం పెట్టాలి. ఎన్నడూ కంప్యూటరు ముట్టని పిల్లలకు, వాళ్లు అబ్బాయిలైనా సరే, వేరే బ్యాచ్ ఉండాలి. రికార్డు రాతకిచ్చే మార్కుల్లో కొన్ని తప్పులు సరిచేసే నేర్పుకు మళ్లించాలి. బడి అయ్యాక ఒక గంట ల్యాబ్ తెరిచి ఉంచితే ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు సాధన చేసుకుంటారు. దానికి కావలసింది ఒక టీచరు, ఒక అనుమతి పత్రం.

ఇది ఉద్యోగాల లెక్క మాత్రమే కాదు. జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు మహిళా పరిశోధకులు 2018లో ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. లేత రంగు చర్మమున్న మగవారి విషయంలో అవి నూటికి ఒక్కటి కూడా తప్పలేదు. ముదురు రంగు చర్మమున్న స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఒక సాఫ్ట్‌వేరులో తప్పులు 34.7 శాతానికి చేరాయి. అలాంటి స్త్రీలు తయారీ బల్ల దగ్గర ఉండి ఉంటే ఆ లోపం సరుకు అమ్మకానికి రాకముందే కంటబడేది.

తల్లిదండ్రులకూ ఒక మనవి. అమ్మాయి ఏదైనా పాడుచేస్తుందేమోనని కంప్యూటరుకు దూరంగా ఉంచకండి. పాడుచేసి బాగుచేసుకునే స్వేచ్ఛ మీ అబ్బాయికి ఎప్పుడో ఇచ్చారు.

మీ పత్రికకు చివరి విన్నపం. సాంకేతిక రంగంలో రాణించిన మహిళల గురించి రాసేటప్పుడు వాళ్ల జీతం, హోదా దగ్గరే ఆగిపోకండి. మొదటి ప్రోగ్రాం ఎక్కడ రాశారు, ఎవరి కంప్యూటరు మీద, ఎవరు పక్కనుండి నేర్పారు అన్నది అడిగి రాయండి. మా పిల్లలు ఆ వివరాల కోసమే వెతుకుతుంటారు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ఉపాధ్యాయురాలు